కాలవ కట్టేసిన నెల

అంబాజీపేట,
వైశాఖ బహుళ తదియ

చిరంజీవి అబ్బులుకి అత్తయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. పోస్టుమాను అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ, "ఈ రోజుల్లో కూడా చేత్తో ఉత్తరాలు రాసేవాళ్ళున్నారాండీ" అన్నాడు. మా మేనల్లుడు, కవి అన్నాను. పాపం ఇంకేం మాట్లాడకుండా గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. దాంతో పెట్టిన కవిత నాలుగుసార్లు చదివాను. మధ్యలో మీ అమ్మ ఫోను. నువ్వు రాజీనామా రాసేసి బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నావుట, ఇక్కడికొచ్చేసి మేడ మీద గదిలో కూర్చుని రాసుకుంటావుట. నిజమో, మీ అమ్మ కంగారో నాకు తెలీదు. నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. "ఇక్కడ రోజు నాది కాదత్తా" అని ఒక్క వాక్యం ఉంది, అంతే. దాని సంగతి మాట్లాడదాం. ముందు కాలవ సంగతి తేలాలి.

నీ కవితలో వైశాఖమాసం వచ్చింది. మల్లెపూలు, మావిడిపళ్ళు, కోయిల వచ్చాయి. బావున్నాయి, అందరూ రాసేవే అనుకో. మూడో చరణంలో మన ఇంటి ముందు కాలవ గలగలా పారుతోంది, అందులో నీ చిన్నతనం కాగితప్పడవై కొట్టుకుపోతోంది. ఒరేయ్, వైశాఖంలో కాలవలో నీళ్ళెక్కడివిరా?

అక్కడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. పదో క్లాసు దాకా ఆ కాలవగట్టు మీదే స్కూలుకెళ్ళావు. ఏప్రిల్లో దాళ్వా కోతలు అయ్యీ అవకుండానే ధవళేశ్వరం దగ్గర తలుపులు దించేస్తారు. కట్టేస్తున్నారని తెలియగానే మంచినీళ్ళ చెరువులు నింపుకోడానికి ఊరూరా హడావిడి. ఆ తర్వాత నెలా నెలన్నర పాటు కాలవంటే పగుళ్ళిచ్చిన బురద, కుళ్ళిన గుర్రపుడెక్క వాసన, లాకుల మరమ్మతుకొచ్చిన కూలీలు, పూడిక తీసి గట్టున పోసిన మట్టిదిబ్బలు. సముద్రం దగ్గరి ఊళ్ళలో నూతి నీళ్ళు ఉప్పెక్కిపోయి బిందె పట్టుకుని టాంకరు కోసం నిలబడతారు. ఇదంతా నీకు నేను చెప్పాలా? ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇన్నేళ్ళలో మనం పెళ్ళిళ్ళకీ పండగలకీ పంచాంగం చూసుకున్నాం గానీ, బతుకు మాత్రం కాలవ కట్టే రోజూ వదిలే రోజూ చూసుకునే నడిపాం.

నవ్వుతావు నువ్వు. "అత్తా, అది కవిత, ఇరిగేషనువాళ్ళ నోటీసు కాదు" అంటావు. నీకిష్టమొచ్చిన చోట నీళ్ళు పారించుకో, నాకేం అభ్యంతరం లేదు. ఆకాశంలో పారించు, అరచేతిలో పారించు. కానీ "మన ఇంటి ముందు" అన్నావు, "వైశాఖం" అన్నావు. పేరు పెట్టి పిలిచాక మనిషి మొహం మార్చెయ్యకూడదురా.

వారం రోజుల నుంచీ ఇదే గొడవ నాకు. నిన్న కొబ్బరి దింపడానికొచ్చినతన్ని కూడా అడిగాను, మే నెలలో కాలవ పారుతుందా అని. చెట్టు దిగి, నడుం తాడు విప్పుకుంటూ నాకేసి అదోలా చూశాడు. "అదేటండి, మే నెల్లో నీళ్ళేటండి, ఆయ్" అన్నాడు. నాకు ఎండ దెబ్బ తగిలిందేమోనని వెళ్ళేటప్పుడు ఒక బొండం కొట్టి చేతికిచ్చి మరీ వెళ్ళాడు.

మీ అమ్మ చెప్పింది మొహం పీక్కుపోయిందని. రాత్రిళ్ళు ఆ బల్బు కింద కూర్చుని ఎన్నింటిదాకా మేలుకుంటున్నావు? అన్నం వేళకి తిను. హోటలు పెరుగు పడదు నీకు, చిన్నప్పట్నుంచీ అంతే.

"రోజు నాది కాదు" అన్నావు కదా. నా రోజు ఎవరిదో చెప్తాను విను.

నాలుగింటికి లేస్తాను. అప్పటికి కోయిల మొదలెట్టదు. జెముడుకాకి మొదలెడుతుంది, పెరటి వెనక వెదురు పొదలోంచి, సన్న మూతి సీసాలోంచి నీళ్ళు వంపినట్టు బుబ్బుబ్బుమని. దాని వెనకాల కోయిల. చైత్రంలో ఉన్న గొంతు ఈ నెలలో ఉండదు దానికి. అరిచి అరిచి పంతం మీదికి వచ్చేసి ఉంటుంది. కాకులు గూళ్ళు కట్టుకునే రోజులు, ఆ గూట్లో గుడ్డు పెట్టి పారిపోయే పని ఆడకోయిలకి ఉంది, కాకుల్ని వెంటపడేలా చేసే పని మగదానికి ఉంది. సంసారం గొడవ అది. మనం దాన్ని సంగీతం అనుకుంటాం.

నాలుగు నుంచి నాలుగున్నర నాది. ఆ అరగంటలో రాసుకుంటాను. కరెంటుంటే మంచం మీద, లేకపోతే అరుగు మీద. దేంట్లో రాస్తానో తెలుసుగా, కొబ్బరి లెక్కల పుస్తకంలో వెనక వైపు నుంచి. ముందు నుంచి కాయలూ, వెనక నుంచి కవిత్వం. ఏడాది చివర్లో రెండూ ఎక్కడో ఒకచోట ఎదురుపడతాయి, కాయలదే ఎప్పుడూ పైచేయి. చాలా రోజులు ఒక్క ముక్కే వస్తుంది. నిన్నటిది ఇది: "పనసపండు రాలింది. ఎవరూ చూడలేదు, చీమలు చూశాయి." కవితవునో కాదో నాకు తెలీదు, నిజం మాత్రం అవును.

నాలుగున్నర నుంచీ రోజు ఇంకొకళ్ళది. పాలవాడిది, మోటారుది, దింపువాళ్ళది, వలుపువాళ్ళది, పక్కింటావిడ మోకాళ్ళ నొప్పిది. ఈ వారమంతా ఆవకాయది. కాయలు తడిగుడ్డతో తుడవడం, కొట్టించడం, ముక్కముక్కకీ జీడి తీసి పొర గీకడం. ఆవపిండి మిల్లులో ఆడించుకొచ్చాను, పప్పునూనె గానుగ దగ్గర పట్టించాను. మొన్న జీడి తీస్తూంటే ఒక మాట తోచింది. రెండు చేతులకీ సొన. లేచి వెళ్ళి రాసుకునే వీల్లేదు. పొయ్యి దగ్గర బొగ్గు ముక్క మోచేత్తో దగ్గరికి లాక్కుని గోడ మీద మూడు మాటలు గీకాను. పనిపిల్ల మర్నాడు తుడిచేసింది. మంచి మాటే. ఏమిటో మర్చిపోయాను.

నలభై ఏళ్ళు ఇలాగే రాశాను. బడిలో ఉన్నప్పుడు పరీక్ష పేపర్ల దొంతర పక్కన రాశాను. మీ మావయ్యగారు మంచాన పడ్డప్పుడు ఆస్పత్రి బల్ల మీద మందుల చీటీ వెనక రాశాను. నా గురించి గొప్పకి చెప్పడం లేదు. పెద్ద కవుల్ని చూడు. చెళ్ళపిళ్ళవారు బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఇస్మాయిల్‌గారు కాకినాడ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పుకుంటూనే 'చెట్టు నా ఆదర్శం' రాశారు. ఆయన చెట్టు నిజంగా చెట్టులాగే ఉంటుంది, ఊరికే తల ఊపదు. కృష్ణశాస్త్రిగారు రేడియోకి రాశారు, సినిమాలకి రాశారు, 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' పాటలు ఆయనవే. చివరి రోజుల్లో గొంతు పోయాక కాగితాల మీద రాసి మాట్లాడేవారు. అంటే ఆయనకి మంచినీళ్ళు కావాలన్నా రాయాల్సిందే. అంతకంటే రోజంతా రాయడం ఏముంటుంది? అలాంటి రోజు నీకు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

వసంతం అయిపోతోందని, రాయాల్సింది రాయకుండానే వెళ్ళిపోతోందని బెంగపడ్డావు ఉత్తరంలో. ఆ బెంగ మన చెట్టుకి లేదు. కొబ్బరిచెట్టుకి వసంతం ఏమిటో తెలీదు. బాగున్న చెట్టు నెలకో మట్ట వేస్తుంది, నెలకో పూతగెల విప్పుతుంది. ఆ పూత ముదురుకాయై దింపుకి రావడానికి ఏడాది పడుతుంది. నిన్న మనవాడు దింపిన కాయ కిందటి వైశాఖంలో పూసింది. 96 తుఫానుకి వంగిపోయి మళ్ళీ లేచిన ఆ నైరుతి మూల చెట్టు కూడా అంతే, వంకరగానే ఉండి నెలకో గెల. తెల్లదోమ పట్టి ఆకు నల్లబడ్డా వేస్తూనే ఉంది, కాయ చిన్నదైంది, అంతే. నిన్ను కొబ్బరిచెట్టులా ఉండమనడం లేదు నేను. అలా అంటే దానికీ కోపం వస్తుంది, నీకూ వస్తుంది.

కాలవ దగ్గరికే మళ్ళీ వస్తున్నాను. వదలవేమిటి అత్తా అనకు. వదల్లేకపోవడానికి కారణం ఒకటి ఉంది. నీకెవరూ చెప్పి ఉండరు.

1964 వైశాఖం. నాకు పద్నాలుగేళ్ళు. తొమ్మిదో క్లాసు పరీక్షలు అయిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి కాలవ అవతల పేటలో నిప్పు లేచింది. వేసంగిలో తాటాకు ఇల్లు అంటుకుంటే ఎంతసేపు? వడగాలి వేస్తోంది. జనం కుండలూ బిందెలూ పుచ్చుకుని కాలవకేసి పరుగెత్తారు. కాళ్ళకి అలవాటు కదా, కళ్ళకి గుర్తొచ్చేలోపలే కాళ్ళు వెళ్ళిపోయాయి. కాలవ కట్టేసి నెల అయింది. లాకు కింద గుంటలో గేదెలు పడుకున్న బురద ఉంది. దాన్నే చేతుల్తో బిందెల్లోకి తోడారు. ఆడవాళ్ళు ఆ గట్టు మీద నిలబడి ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. మీ తాతగారు దోటీ పుచ్చుకుని ఇంకా అంటుకోని ఇళ్ళ కప్పులు లాగించారు. కొందరు అరటి బోదెలు నరికి మంటని కొట్టారు. ఇసక పోశారు. 19 ఇళ్ళు పోయాయి.

మన పెరట్లో నుయ్యి ఉంది. పేటవాళ్ళు అక్కడికి వచ్చారు, చేద వేశారు, తోడుకున్నారు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ ఆపలేదు. ఆ రోజు అన్నాను, చూశావా. మర్నాడు మా నాయనమ్మ ఆ నూతినీళ్ళన్నీ తోడించి పారబోయించింది. ఊరంతా బిందెడు నీళ్ళకి మొహం వాచి ఉన్న నెలలో, పొద్దున్న మొదలెట్టి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా తోడించింది. మీ తాతగారు వద్దనలేదు, వీధి అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మంచి మనిషే. ముందు రోజు దోటీ పట్టి చేతులు కాల్చుకున్న మనిషే. ఈ సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే తాతగారికి తక్కువవుతుందని. నాకు ఆయనంటే ఇప్పటికీ ప్రాణం, అయినా రాస్తున్నాను.

మరి నేనేం చేశాను? నేను కవిత రాశాను. ఆ సాయంత్రమే. మంటలు మోదుగుపూల తోటలా ఉన్నాయని రాశాను. మా బడిలో చేత్తో రాసి గోడకి అంటించే పత్రిక ఉండేది, జూన్లో బడి తెరిచాక అందులో పెట్టారు. తెలుగు మేష్టారు మురిసిపోయి నన్ను నిలబెట్టి క్లాసంతటికీ చదివించారు. నా పక్కన బెంచీలో కూర్చునే పిల్ల ఇల్లు ఆ పందొమ్మిదిలో ఒకటి. చదువుతున్నంతసేపూ అది బల్ల మీద వేలితో ఏవో గీతలు గీస్తూ కూర్చుంది. గంట కొట్టాక అడిగింది, "మోదుగుపువ్వు ఎలాగుంటాదే?" అని.

నాకు తెలీదు. నేనెప్పుడూ చూడలేదు. మన లంకల్లో నాకు మోదుగు ఎక్కడ కనిపించిందిరా? పుస్తకంలో చదివాను. "ఎర్రగా ఉంటుంది" అన్నాను.

"ఓహో" అంది.

అంతే. దెబ్బలాడలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచీ అదే బెంచీలో కూర్చుంది కూడా. ఆ 'ఓహో' మాత్రం నా చెవిలోంచి పోలేదు. పన్నెండేళ్ళ తర్వాత భద్రాచలం వెళ్తూంటే బస్సు కిటికీలోంచి మొదటిసారి మోదుగుపూలు చూశాను. ఫాల్గుణమాసం. ఆకన్నది లేదు, కొమ్మలన్నీ పువ్వులే. బస్సులో అందరూ తూగుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. పువ్వు అందానికి కాదులే. ఫాల్గుణంలో పూసేదాన్ని నేను వైశాఖంలో పూయించాను, చూశావా. నీలాగే నేనూ నెల తప్పాను.

ఆ పన్నెండేళ్ళ మధ్యలోనే బోయి భీమన్నగారి 'గుడిసెలు కాలిపోతున్నై'కి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1975లో. నేను కొత్తగా టీచరుగా చేరిన రోజులు. ఆ పుస్తకం స్కూలు లైబ్రరీకొస్తే అట్ట మీద పేరు చూసి రెండు రోజులు తెరవలేదు. ఆయనది మామిడికుదురు. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ నది దాటి వెళ్ళే కాలవ నీళ్ళే ఆ ఊరున్న లంకవి. 1911లో అక్కడ లేనివాళ్ళింట పుట్టి, ఆ నీళ్ళూ ఆ నీళ్ళు లేని నెలలూ రెండూ చూసినాయన. చదువుకుని, పంతులుద్యోగం చేసి, పత్రికల్లో పనిచేసి, నాటకాలూ పద్యాలూ వచన కవితలూ రాసి, తన కథకి 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు' అని పేరు పెట్టుకున్నారు. గుడిసెలు ఏ నెలలో కాలతాయో, అప్పుడు కాలవలో ఏముంటుందో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మూడో రోజు తెరిచాను. నా మోదుగుపూల కవిత దాచుకున్న నోటుబుక్కు ఆ రాత్రే నీళ్ళపొయ్యిలో పెట్టేశాను. అది కూడా కాస్త నాటకమేననుకో, ఇరవై అయిదేళ్ళ వయసులో అలాగే ఉంటుంది.

తర్వాత 1995లో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది, నువ్వు పుట్టకముందు. రాత్రి మన మేడ ఎక్కితే ఆ దిక్కంతా ఎర్రగా ఉండేది. ఒక పత్రికవాళ్ళు కవిత రాసిమ్మని మనిషిని పంపారు. రాయనన్నాను. లెక్కల పుస్తకంలో మాత్రం రోజూ రెండు ముక్కలు పెట్టుకున్నాను. ఇవాళ కొబ్బరాకు నీడ ఏ పక్కకి పడింది, గబ్బిలాలు వచ్చాయా రాలేదా, కోళ్ళు ఎన్నింటికి కూశాయి, అంతే. ఆ పుస్తకం ఉంది. నువ్వొస్తే ఇస్తాను. నా కవితల కంటే అదే బావుంటుంది.

రాజీనామా సంగతి. వద్దంటే ఆగేవాడివి కాదు, మీ నాన్నా ఆగలేదు. రావాలనిపిస్తే రా. మేడ మీద గది ఖాళీయే, ఫ్యాను కాస్త చప్పుడు చేస్తుంది. కానీ ఇక్కడికొస్తే రోజు నీదైపోతుందనుకుని మాత్రం రాకు. ఇక్కడా అరగంటే దొరుకుతుంది. ఇంకోటి, నెలజీతం మానేసి రాయడం మొదలెడితే పాపం ఆ కవిత బియ్యం బస్తా కూడా మొయ్యాలి, కరెంటు బిల్లు కూడా కట్టాలి. నీ కవితలు ఇంకా లేతగా ఉన్నాయిరా. వాటి నెత్తిన అప్పుడే బస్తా పెట్టకు. పెట్టినా నేనున్నాననుకో, ఆకలితో పడుకోనివ్వను. మీ అమ్మకి ఈ చివరి వాక్యం చెప్పకు.

ముందు పదిరోజులు సెలవు పెట్టి రా. ఇంకో పది రోజుల్లో రోహిణి కార్తె వస్తుంది, రోళ్ళు పగిలే ఎండ. అయినా సాయంత్రం అయిదు దాటితే పైరగాలి తిరుగుతుంది. గుడి దగ్గర తురాయి చెట్టు కింద నేలంతా ఎర్రగా ఉంది, పొద్దున్నే తుడిచేస్తున్నారు గాని మధ్యాహ్నానికి మళ్ళీ రాలుతోంది. ముంజలు ఇంకా వస్తున్నాయి, మరీ ముదరకముందే వస్తే లేతవి తినొచ్చు. గిజిగాళ్ళు ఇంకా గూళ్ళు మొదలెట్టలేదు, మొదటి వాన కోసం చూస్తున్నట్టున్నాయి. కాలవ జూన్లో వదుల్తారు. ఈలోగా వస్తే ఇద్దరం కాలవ అడుగున నడుద్దాం, లాకుల దగ్గర్నుంచి మన రేవు దాకా. గట్టు మీంచి చూసిన ఊరూ కాలవ లోపల్నుంచి చూసిన ఊరూ ఒకటి కాదు. పాతచెప్పులు వేసుకురా, గాజుపెంకులుంటాయి.

నీ వాటా ఆవకాయ చిన్న జాడీలో వేరే పెట్టాను. మూడో రోజు తిరగ కలిపాను, ఇంకో వారానికి ఊట సరిపోతుంది.

అన్నట్టు మొన్న పూడిక తీసేవాళ్ళకి మన రేవు దగ్గర బురదలో ఒక స్టీలు క్యారేజీ గిన్నె దొరికింది. మూత మీద మీ నాన్న పేరు చెక్కి ఉంటే తెచ్చి ఇచ్చి వెళ్ళారు. ఎనిమిదో క్లాసులో ఉండగా స్కూల్లో ఎవరో ఎత్తుకుపోయారని చెప్పి, మీ అమ్మ చేత ఇంకొకళ్ళ పిల్లాణ్ణి తిట్టించావు, గుర్తుందా? చింతపండేసి తోమాను. ఒక పక్క సొట్ట పడింది గానీ మూత ఇంకా బిగుతుగానే పడుతోంది.

ఇట్లు,
మీ అత్తయ్య